గట్లు లేని పొలాలు, ఏటా కూర్చునే కోర్టు: లాక్స్‌టన్ ఎలా మిగిలింది?

ఎకరానికి 4,840 చదరపు గజాలు. స్థలాల బేరాల్లో తిరిగే ఎవరినైనా అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే లెక్క ఇది. దాన్నే మనం వంద సెంట్లుగానో నలభై గుంటలుగానో పంచుకున్నాం. గుండ్రంగా ఐదు వేలు కాకుండా ఈ 4,840 ఎక్కడిదని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న నేలను లెక్కగడితే సరిగ్గా అంత వస్తుంది. మధ్యయుగాల ఇంగ్లండులో ఎడ్లు ఒక్క ఊపున లాగగలిగిన చాలు పొడవును 220 గజాలుగా, అంటే ఒక ఫర్లాంగుగా లెక్కపెట్టారు. ఒక నాగలితో ఒక రోజులో తెమిలే దుక్కి సుమారుగా ఒక ఎకరం. 22 గజాల సర్వే గొలుసుతో పాటు ఆ కొలత మన భూముల రికార్డుల్లోకి వచ్చి స్థిరపడింది.

కొలత దేశదేశాలు తిరిగింది గానీ, దాన్ని పుట్టించిన సాగు పద్ధతి ఇంగ్లండులోనే దాదాపు కనుమరుగైంది. మిగిలిన చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డెవన్‌లో బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్ ఉంది, లింకన్‌షైర్ వైపు ఐల్ ఆఫ్ ఆక్స్‌హోమ్‌లో కొంత మిగిలింది. పొలాలతో పాటు వాటిని నడిపే పాత కట్టుబాట్లు, ఆ కట్టుబాట్లను అమలు చేసే గ్రామ కోర్టు కూడా ఇంకా పనిచేస్తున్న ఊరు మాత్రం ఒక్కటే. అది నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్.

నాటింగ్‌హామ్ నగరానికి ఈశాన్యంగా, రాబిన్ హుడ్ కథల షేర్‌వుడ్ అడవికి తూర్పు పక్కన ఉంటుంది ఈ ఊరు. జనం కొన్ని వందలు. ఒక చర్చి, ఒక పబ్, ఎర్ర ఇటుక గోడలూ పెంకుల కప్పులూ ఉన్న ఇళ్లు. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన డూమ్స్‌డే భూముల సర్వేలో దీని పేరుంది. ఊరి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట తాలూకు పెద్ద మట్టి దిబ్బ ఉంది. చర్చిలో ఎవరింగ్‌హామ్ వంశస్థుల సమాధి శిల్పాలున్నాయి, వాటిలో ఒకటి చెక్కది. కోట దిబ్బలు, సమాధి శిల్పాలు ఇంగ్లండులో చాలా ఊళ్లకు ఉన్నాయి కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. లాక్స్‌టన్ ప్రత్యేకత చూడాలంటే ముందు వీధిలో రైతుల ఇళ్లు ఉన్న తీరు గమనించాలి.

ఇంగ్లండులో ఎక్కువ చోట్ల రైతు ఇల్లు ఊరికి దూరంగా, తన పొలాల మధ్యలో ఒంటరిగా ఉంటుంది. లాక్స్‌టన్‌లో రైతుల ఇళ్లు వీధిలోనే పక్కపక్కన ఉన్నాయి. చాలా ఇళ్ల పక్క గోడ వీధివైపు తిరిగి ఉంటుంది, పశువుల కొట్టాలూ ధాన్యం కొట్లూ పెరడూ వెనక్కి సాగుతాయి. దీనికి కారణం సూటిగానే ఉంది. ఒక రైతు నేల అంతా ఒకచోట ఉంటే అందులో ఇల్లు కట్టుకోవడం సుఖం. తూర్పున ఒక ముక్క, పడమర నాలుగు ముక్కలు, దక్షిణాన ఇంకో మూడు ఉంటే అన్నిటికీ సమదూరంలో ఉన్న ఊరి నడిబొడ్డే నయం. ఒకప్పుడు మధ్య ఇంగ్లండు పల్లెలన్నీ ఇలాగే ఉండేవి.

ఇప్పుడు పొలాల సంగతి. ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలున్నాయి: సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. మూడూ కలిపితే ఐదు వందల ఎకరాలకు కాస్త తక్కువ. వీటి లోపల కంచెలు లేవు, గట్లు లేవు, చెట్ల వరసలు లేవు. చూపు ఆనినంత మేర ఒకే పొలంలా కనిపిస్తుంది. కానీ అది చాలామంది రైతుల పొడవాటి పట్టీలుగా చీలి ఉంది. ఏ పట్టీ ఎవరిదో ఊరివాళ్లకు తెలుసు, బయటివాడికి అంతుపట్టదు.

పంట ఏది వేయాలన్నది రైతు ఇష్టం కాదు. మూడేళ్ల వరస ఒకటుంది. ఒక ఏడాది ఒక పొలమంతా శీతాకాలపు గోధుమ, అంటే శరదృతువులో విత్తి మరుసటి వేసవిలో కోసేది. రెండో పొలంలో వసంతంలో విత్తే పంట: బార్లీ, ఓట్స్, చిక్కుళ్ల వంటివి. మూడో పొలానికి విశ్రాంతి. పాత రోజుల్లో దాన్ని పూర్తిగా బీడు వదిలి, కలుపు చావడానికి మధ్యమధ్య దున్నేవాళ్లు. తర్వాతి కాలంలో అందులో పశుగ్రాసం వేసుకోవడానికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడు వరస మారుతుంది. ఒక పొలంలో పట్టీ ఉన్న ప్రతి రైతూ ఆ ఏడాది ఆ పొలానికి వచ్చిన వంతునే పాటించాలి.

ఇలా ముక్కలు ముక్కలుగా పంచుకోవడం తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు వ్యవసాయ సంస్కర్తలు అలాగే ఎద్దేవా చేశారు. కానీ ఇక్కడి నేల బరువైన ఎర్ర బంకమన్ను. వాన ఎక్కువైతే దిగబడుతుంది, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. దిబ్బ మీద ఒక రకం, పల్లంలో ఇంకో రకం. ఒక ఏడాది మెరక బతికిస్తే మరో ఏడాది పల్లం బతికిస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో రేగడిలో ఒక చెక్క, చవుడులో ఒక చెక్క, చెరువు కింద ఒక మడి అందరికీ వచ్చేలా చూస్తారే, ఇదీ అదే ఆలోచన. మంచీ చెడ్డా అందరికీ కాస్త కాస్త పడుతుంది, ఎవరూ ఒక్క ఏడాదిలో మునిగిపోరు. పంట బీమా లేని కాలానికి ఇదే బీమా.

దీనికి చెల్లించే ధర పక్కవాడితో పొత్తు. నీ పట్టీ కోతకు సిద్ధంగా ఉండి, పక్కవాడిది నెల తర్వాత పండితే కుదరదు, ఎందుకంటే కోతయ్యాక పొలమంతా ఊరి పశువులకు మేత బయలుగా మారేది. నువ్వు కలుపు వదిలేస్తే విత్తనాలు అందరి మీదా పడతాయి. నువ్వు మురుగు కాలవ తవ్వకపోతే నీళ్లు పక్కవాడి గోధుమలో నిలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, గట్టు లేదు కాబట్టి నాగలి జరపడం చాలా తేలిక. మనవైపు గట్టు నరుక్కుంటూ పోయి ఏటా జానెడు కలుపుకునే ఘనులుంటారు. లాక్స్‌టన్‌లో నరకడానికి గట్టు కూడా లేదు, అరక కాస్త పక్కకు తిప్పితే చాలు. అందుకే ఈ పద్ధతి నమ్మకం మీద నడిచిందనుకుంటే పొరపాటు. దీన్ని నడిపింది తనిఖీ.

ఆ తనిఖీ ఇప్పటికీ నవంబరు చివరి గురువారం జరుగుతుంది. దానికి జ్యూరీ దినం అని పేరు. రైతుల్లోంచి ఏర్పడిన జ్యూరీ, దాని పెద్ద కలిసి ట్రాక్టరు ట్రెయిలరెక్కి, ఆ ఏడాది గోధుమ విత్తిన పొలానికి వెళతారు. అప్పటికి మొలక వచ్చి నేల పచ్చబడుతూ ఉంటుంది కాబట్టి ఎవరు ఎంతవరకు దున్నారో దాచడానికి వీలుండదు. పట్టీల సరిహద్దుల దగ్గర దిగి, గీత సరిచూసి, సుత్తితో గుంజలు దిగ్గొడతారు. పొలాల మధ్య పచ్చిక బాటల్లోకి ఎవరైనా దున్నేశారా, కాలవలు పూడిపోయాయా అని చూస్తారు. తప్పు కనిపిస్తే అక్కడే రాసుకుంటారు. తనిఖీ చేస్తున్నవాళ్లూ పట్టీలు ఉన్నవాళ్లే. తన పట్టీ వంతు వచ్చినప్పుడు జ్యూరీ సభ్యుడు కూడా మాట పడాల్సిందే. మధ్యలో పబ్‌లో భోజనం. మూడు పొలాలు వంతులవారీగా గోధుమ కిందికి వస్తాయి కాబట్టి మూడేళ్లలో అన్ని పట్టీలూ ఒక్కసారైనా ఈ కళ్ల కింద పడతాయి.

తర్వాతి వారం అదే పబ్‌లో, డవ్‌కోట్ ఇన్‌లో, కోర్టు కూర్చుంటుంది. దీన్ని కోర్ట్ లీట్ అంటారు. ఊరి భూస్వామి, అంటే మానర్ ప్రభువు తరఫున స్టీవార్డు అధ్యక్షత వహిస్తాడు. ఈ పనికి మామూలుగా ఒక లాయర్‌ను పెడతారు. బెయిలిఫ్ అనే కోర్టు ఉద్యోగి కోర్టును ప్రకటిస్తాడు. హాజరు కావలసినవాళ్ల పేర్లు పిలుస్తారు, రానివాళ్లకు నామమాత్రపు జరిమానా. జ్యూరీ తన తనిఖీ వివరాలు చెబుతుంది, హద్దు దాటి దున్నినవాళ్లకు జరిమానా పడుతుంది. మొత్తం కొద్ది పౌండ్లే. ఏ రైతూ దానివల్ల నష్టపోడు. కానీ నలుగురి ముందు, అందులోనూ రోజూ మొహాలు చూసుకునే నలుగురి ముందు, ఫలానావాడు బాటలోకి దున్నాడని చదివించుకోవడం ఎవరికి ఇష్టం? తర్వాత కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. వచ్చే ఏడాది గోధుమ పొలాన్ని చూడాల్సింది వాళ్లే.

కోర్టు నియమించే అధికారుల్లో పిండర్ అని ఒకడుంటాడు. మన బందెలదొడ్డి కాపరి లాంటి ఉద్యోగం. తప్పించుకు తిరిగే పశువులను పట్టి దొడ్లో పెట్టడం, రుసుము కట్టించుకుని వదలడం అతని పని. ఆ దొడ్డి ఊళ్లో ఉంది గానీ, పని దాదాపు లేదు. ఈ ఒక్క పదవి మాత్రం నిజంగానే అలంకారప్రాయం.

మిగతాది అలంకారం కాదని చట్టమే ఒప్పుకుంది. ఇంగ్లండులో ఇలాంటి మానర్ కోర్టులు చాలా ఊళ్లలో పేరుకు మిగిలి ఉండేవి. టోపీలు పెట్టుకుని, విందు చేసుకుని, మేయర్‌తో ఫొటో దిగే తంతులు. 1977 నాటి న్యాయపాలన చట్టం వాటి న్యాయాధికారాలను రద్దు చేసింది. సంప్రదాయం కొద్దీ కూర్చోవచ్చు, తీర్పు చెప్పే అధికారం మాత్రం ఉండదంది. లాక్స్‌టన్ కోర్టును మినహాయించింది. ఎందుకంటే ఇక్కడ కోర్టు తీసేస్తే పొలాలను నడిపే యంత్రాంగమే లేకుండా పోతుంది.

ఈ ఊరి పాత రూపం మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం 1635 నాటి ఒక పటం. మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఊరంతా కొలిచి, ఒక్కొక్క పట్టీని గీసి, ఎవరిదెంతో జాబితా రాశాడు. పటంలో ఇళ్లు, చర్చి, గాలిమర, అరకలు దున్నేవాళ్లు, వేటగాళ్లు కూడా చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఆ పటం ఉంది. అంత డబ్బు పోసి ఈ కొలత చేయించినవాడు సర్ విలియం కోర్టీన్. లండన్‌లో బడా వ్యాపారి. తాను కొన్న ఊళ్లో ఏముందో, ఎంత కౌలు రాబట్టవచ్చో లెక్క తేల్చుకోవడానికే ఇదంతా చేయించి ఉంటాడు.

ఈ కోర్టీన్ మనకూ కొంత తెలిసినవాడే. అదే 1635లో చార్లెస్ రాజు ఇతని బృందానికి తూర్పు దేశాలతో వ్యాపారం చేసుకోవడానికి అనుమతి ఇచ్చాడు. అప్పటికే మచిలీపట్నంలో కోఠీ నడుపుతున్న ఈస్టిండియా కంపెనీకి అది నెత్తిన పిడుగులా పడింది. కోర్టీన్ మరుసటి ఏడే చనిపోయినా అతని ఓడలు పశ్చిమ తీరానికి వచ్చాయి, కార్వార్‌లో కోఠీ పెట్టాయి. ఆ పోటీ వల్ల కంపెనీ కొన్నేళ్లు నానా తంటాలు పడింది. మిరియాల మీద పెట్టుబడి పెట్టినవాడే లాక్స్‌టన్ గోధుమ పట్టీలనూ గజాలతో కొలిపించాడు. ఇప్పుడు వారసత్వ సంపదగా మురిసిపోతున్న పటం ఆనాటికి ఒక మదుపుదారుడి ఆస్తుల చిట్టా.

కోర్టీన్ల తర్వాత ఊరు పియర్‌పాంట్ కుటుంబం చేతికి వచ్చింది. ఆ వంశమే తర్వాత మాన్వర్స్ ప్రభువులుగా, దగ్గర్లోని థోర్స్‌బీ ఎస్టేటు యజమానులుగా కొనసాగింది. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఇంగ్లండంతా కంచెలు వేసుకున్నప్పుడు ఈ ఊరెలా తప్పించుకుంది?

ఆ కంచెల వెల్లువ చిన్నదేం కాదు. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు ముందుకు ఐదు వేలకు పైగా ఎన్‌క్లోజర్ బిల్లులు వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు విస్తీర్ణంలో ఐదో వంతుకు పైనే. ఒక్కొక్క చట్టంతో ఒక్కొక్క ఊరి ఉమ్మడి పొలాలు, మేత బయళ్లు కొలిచి, యజమానుల వాటాలు ఒకచోటికి చేర్చి, చుట్టూ ముళ్లచెట్ల కంచెలు నాటేశారు. కౌళ్లు పెరిగాయి. ఆవును ఉమ్మడి బయల్లో మేపుకుని, కట్టెలు ఏరుకుని బతికే పేదవాళ్ల హక్కులకు చాలా చోట్ల కాగితం లేదు కాబట్టి పరిహారమూ లేదు. దిగుబడి నిజంగా ఎంత పెరిగిందన్న దానిపై ఆర్థిక చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద కనిపించే గళ్ల దుప్పటిలాంటి ఇంగ్లిష్ పల్లె దృశ్యం మధ్య ఇంగ్లండులో చాలావరకు ఈ చట్టాలు గీసిందే. దాని వయసు రెండు, రెండున్నర శతాబ్దాలు. లాక్స్‌టన్ బయలు అంతకంటే చాలా పాతది. అయినా చూడ్డానికి వచ్చినవాళ్లకు బోసిగా అనిపిస్తుంది.

లాక్స్‌టన్ తప్పించుకోవడం వెనక సంప్రదాయం మీద మమకారం పెద్దగా లేదు. ఎన్‌క్లోజర్ చట్టం రావాలంటే విలువలో అధిక భాగం భూమి ఉన్న యజమానులు ఒప్పుకోవాలి. ఇక్కడ మాన్వర్స్‌తో పాటు రఫర్డ్ ఎస్టేటుకూ భూములుండేవి, పైగా చిన్న చిన్న సొంతదారులు. పట్టీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అందరినీ ఒక తాటి మీదకు తేవడం, సర్వేయర్లకూ లాయర్లకూ కమిషనర్లకూ డబ్బు పోయడం, మైళ్ల కొద్దీ కంచెలు నాటడం తలనొప్పి వ్యవహారం. అలాగని ఊరు చెక్కుచెదరకుండానూ లేదు. అంచుల నుంచి కొంచెం కొంచెంగా, రాజీలతో మార్పిళ్లతో కంచెలు వస్తూనే ఉన్నాయి, ఉమ్మడి పొలం కుంచించుకుపోతూనే ఉంది. ఇంకొంత కాలం గడిస్తే మిగిలిందీ పోయేదే. కానీ 1870ల చివర్లో అమెరికా గోధుమలు వచ్చి పడి ఇంగ్లండు వ్యవసాయం కుదేలైంది. గోధుమ ధర పడిపోయిన రోజుల్లో గోధుమ నేలకు కొత్త కంచెల ఖర్చు పెట్టేదెవరు?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాన్వర్స్ ఎస్టేటు మధ్యేమార్గం పట్టింది. పద్ధతిని ఉంచింది, పట్టీలను మాత్రం కలిపి పెద్దవి చేసింది. చిన్న చిన్న ముక్కలు పోయి, యంత్రాలకు కాస్త అనువైన పట్టీలు వచ్చాయి. కాబట్టి ఇప్పుడు లాక్స్‌టన్‌లో కనిపించే పట్టీ 1635 పటంలోని పట్టీ కాదు, అంతకంటే చాలా వెడల్పు. దీన్ని పట్టుకుని ఇది అసలైన మధ్యయుగపు పొలం కాదని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ వాదనలో పస తక్కువ. మధ్యయుగాల్లోనూ పట్టీలు చేతులు మారాయి, కలిశాయి, చీలాయి. ఆనాటి రైతు కూడా ట్రాక్టరుంటే ట్రాక్టరే వాడేవాడు. మారకుండా వచ్చింది వరస, ఉమ్మడి నియమం, జ్యూరీ. చూడాల్సింది వాటినే.

1952లో ఆరో మాన్వర్స్ ప్రభువు లాక్స్‌టన్‌లోని తన భూములను అమ్మేశాడు. పన్నులు, ఖర్చులు మీద పడి పెద్ద పెద్ద ఎస్టేట్లు ముక్కలవుతున్న రోజులవి. ఈ సాగు పద్ధతిని కాపాడాలన్న ఉద్దేశంతో వ్యవసాయ మంత్రిత్వ శాఖే ముందుకు వచ్చి కొన్నది. అంటే మానర్ ప్రభువు స్థానంలోకి ప్రభుత్వం వచ్చి కూర్చుంది. 1981లో ఆ శాఖ దీన్ని రాచరికపు ఆస్తులను నిర్వహించే క్రౌన్ ఎస్టేటుకు అప్పజెప్పింది. పద్ధతిని కొనసాగిస్తామన్న హామీ అప్పుడూ ఉంది.

అయితే క్రౌన్ ఎస్టేటు ఎలాంటి సంస్థో చూడాలి. 1961 నాటి దాని చట్టం ప్రకారం ఆస్తుల విలువనూ రాబడినీ కాపాడి పెంచడం దాని విధి. లండన్ రీజెంట్ స్ట్రీట్ దుకాణాలు, సముద్రగర్భం మీద గాలిమరల లీజులు దాని ఖాతాలోవి. అలాంటి సంస్థకు, పంట ఏదో కూడా కౌలు రైతు ఎంచుకోలేని కొన్ని వందల ఎకరాల బంకమట్టి నేల అతకని బొంతే. 2018లో అమ్ముతామని ప్రకటించింది. ఊళ్లో టెన్షన్ మొదలైంది. కొనేవాడు ఎవడో, కోర్టును ఉంచుతాడో లేదో, కౌలు ఎంత పెంచుతాడో అని. చివరికి 2020లో థోర్స్‌బీ ఎస్టేటు కొన్నది. అంటే 68 ఏళ్ల తర్వాత ఊరు మళ్లీ పాత వంశస్థుల ఎస్టేటు కిందికే చేరింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఎలాగోలా మంచే జరిగింది గానీ, దేశంలో ఇంకెక్కడా లేని వ్యవస్థ భవిష్యత్తు ఒక అమ్మకంలో కొనుగోలుదారుడు ఎవరన్న దాని మీద ఆధారపడటం చిత్రమే.

ఇందులో చట్టపరమైన లోటు కూడా ఉంది. బ్రిటన్‌లో కట్టడాల రక్షణ గట్టిది. 1947 నుంచి చారిత్రక భవనాల జాబితాలు తయారవుతున్నాయి, జాబితాలో ఉన్న ఇంటికి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. లాక్స్‌టన్ చర్చికి ఆ రక్షణ ఉంది, కోట దిబ్బకు ప్రాచీన కట్టడంగా వేరే రక్షణ ఉంది. కానీ వ్యవసాయానికి భూమిని వాడుకోవడం బ్రిటిష్ ప్రణాళికా చట్టాల దృష్టిలో అనుమతి అవసరమైన పని కాదు. పట్టీలన్నీ కలిపి ఒక్కరే దున్నుకుంటే ఆపే సెక్షన్ ఏదీ స్పష్టంగా లేదు. ఆపగలిగేవి కౌలు ఒప్పందాలు, యజమాని మాట, కోర్టు కట్టుబాటు. ఆచారాలు, నైపుణ్యాల వంటి వారసత్వాన్ని గుర్తించే 2003 నాటి యునెస్కో ఒప్పందంలో కూడా బ్రిటన్ చేరింది 2024లోనే. రాతికీ ఇటుకకీ ఉన్న విలువ పనికి రావడానికి అంత కాలం పట్టింది.

రైతు వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. లాక్స్‌టన్ రైతులెవరూ కేవలం పట్టీల మీద బతకరు. కంచెల లోపల వాళ్లకు వేరే భూములున్నాయి, పట్టీలు సాగులో ఒక భాగం. ఆ భాగమే ఎక్కువ విసిగిస్తుంది. ఒక పట్టీ అయ్యాక యంత్రాన్ని రోడ్డెక్కించి ఇంకో పట్టీకి తీసుకెళ్లాలి. మూల మూలకూ తిప్పుకోవాలి. పక్క పట్టీలో అడుగు పడకుండా మందు కొట్టాలి. మార్కెట్‌లో నూనెగింజల ధర బాగుంది కదా అని వరస తప్పడానికి లేదు. ఈ నష్టం ఏటా ఎవరో ఒకరు భరిస్తున్నారు, వాళ్లకు చెక్కు రాసిచ్చే వారసత్వ నిధి ఏదీ స్థిరంగా లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నంత కాలం ఎకరాల లెక్కన వచ్చే సబ్సిడీ కొంత ఆదుకునేది. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండు దాన్ని దశలవారీగా ఎత్తివేస్తూ, పర్యావరణానికి మేలు చేసే పనులకు డబ్బిచ్చే పద్ధతికి మారుతోంది.

ఆ కొత్త లెక్కలో లాక్స్‌టన్‌కు ఒక అనుకూలత ఉంది. పొలాల మధ్య దున్నడానికి వీలుకాని పల్లాల్లో, వాలుల్లో సైక్స్ అనే పచ్చిక పట్టీలున్నాయి. తరతరాలుగా నాగలి పడలేదు కాబట్టి వాటిలో రకరకాల గడ్డిపూలు బతికున్నాయి. ప్రభుత్వం వాటిని శాస్త్రీయంగా ముఖ్యమైన ప్రదేశంగా గుర్తించింది. ఏటా వేసవిలో ఆ గడ్డిని కోసుకునే హక్కును ఊళ్లోనే వేలం వేస్తారు. వేలం పాడేది రైతులే, వచ్చిన డబ్బు ఉమ్మడి హక్కులున్నవాళ్లకే చేరుతుంది. ఎవరూ పూలను కాపాడదామని ఈ ఏర్పాటు చేసుకోలేదు. సైక్‌లోకి దున్నితే జరిమానా అన్న పాత నియమం ఆ పని చేసిపెట్టింది.

పర్యాటకం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకునే పరిస్థితి లేదు. పబ్ వెనక చిన్న సందర్శక కేంద్రం ఉంది, పొలాల చుట్టూ నడిచే దారులున్నాయి. కానీ ఉత్తచేతులతో వచ్చి చూసేవాడికి ఇక్కడ కనిపించేది గోధుమ చేను. వివరించేవాళ్లు పక్కన లేకపోతే ఏం చూశామో తెలియకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. టికెట్ పెట్టి అమ్మగలిగే దృశ్యం కాదిది.

అందువల్ల ఈ ఊరి భవిష్యత్తును అంచనా వేయాలంటే చూడాల్సింది కౌలు రైతుల సంఖ్య. ఇంగ్లండంతటా చిన్న కమతాలు పెద్ద కమతాల్లో కలిసిపోతున్నాయి. ఇక్కడ ప్రస్తుతం పదిపన్నెండుకు కాస్త అటూ ఇటూగా రైతు కుటుంబాలు ఈ పట్టీలు పంచుకుంటున్నాయి. ఒక రైతు విరమించుకున్నప్పుడు అతని పట్టీలను కొత్త కౌలుదారుకిస్తారా, లేక ఉన్నవాళ్లలో ఒకరికే కలిపేస్తారా అన్నది ప్రతిసారీ ఎస్టేటు తీసుకునే మామూలు నిర్ణయం. రెండోది ఖర్చు తక్కువ, కాగితం పని తక్కువ. అలా నాలుగైదు సార్లు జరిగితే పక్కపక్క పట్టీలు ఒకే రైతువి అయిపోతాయి. వాటి మధ్య గుంజ పాతాల్సిన అవసరం పోతుంది, హద్దు దాటాడని చెప్పడానికి పక్కవాడు ఉండడు, పన్నెండు మంది జ్యూరీకి మనుషులు దొరకరు. కోర్టు మటుకు డిసెంబరులో పేర్లు పిలుస్తూ ఇంకొన్నాళ్లు కొనసాగవచ్చు. 1977కు ముందు మిగతా ఊళ్ల మానర్ కోర్టులు అలాగే నడిచాయి.